మూతపడిన నంబరు

1987 ఫిబ్రవరి 2, సోమవారం

ఈ రోజు నుంచి తాండూరు క్వారీల సంఘం ఆఫీసులో కొత్త నిబంధన అమలులోకి వచ్చింది. రాసింది నేను. సంతకం మేనేజరు పాండురంగం గారిది. నకలు ఇక్కడ ఉంచుకుంటున్నాను.

"ఒకరి నంబరు మీద పాస్‌వర్డ్ వరుసగా మూడుసార్లు తప్పు కొడితే మిషను ఆ నంబరును మూసివేస్తుంది. మూతపడినవారు గోవిందమ్మ వద్దకు వచ్చి తమ పాస్‌వర్డ్ నోటితో చెప్పాలి. కవరులో ఉన్నదానితో సరిపోతే నంబరు తెరవబడుతుంది, తప్పు రాయబడదు. చెప్పలేకపోతే పాత కవరు విప్పకుండా కాల్చి, కొత్త పాస్‌వర్డ్ పెట్టించి, పేరు మీద ఒక తప్పు రాయబడుతుంది. ఒక నెలలో మూడు తప్పులు పడినవారిని మిషను పని నుంచి తీసి బండల యార్డుకు పంపడమవుతుంది."

పోయిన నెల ఎవరో మిషను లెక్కల్లో ఒక క్వారీ లారీలను ఇంకొక క్వారీ పేరు మీదికి మార్చారు. ఎవరో తేలలేదు. అందుకే హైదరాబాదు నుంచి మనిషి వచ్చి మా కంప్యూటరు మిషనుకు ఈ తాళం పెట్టి వెళ్ళాడు. ఎవరి నంబరు మీద తప్పు పడినా పాండురంగం గారి గదిలోని ప్రింటరు ఒక వరుస అచ్చు వేస్తుంది: నంబరు, టైము, ఏ టెర్మినల్. సాయంత్రం ఆ కాగితం చూసి రిజిస్టరులో ఎక్కించడం నా పని. టెర్మినల్ కోసం గడి గీయలేదు. ఒకటి కరీముద్దీన్‌ది, రెండు శంకరమ్మది, మూడు మా మనవరాలు భాగ్యది. ఎవరి సీటు వారిదే కదా.

"టీచరమ్మా, మూడే ఎందుకు? అయిదన్న పెట్టరాదు?" అన్నాడు కరీముద్దీన్. యాభై ఆరేళ్ళ మనిషి, తూకం కాగితాలు ఎక్కిస్తాడు.

"ముప్పై నాలుగేళ్ళు బడిలో మూడుసార్లే చెప్పాను. అందరూ పాసయ్యారు."

"నేను మీ బళ్ళె చదువలే. గందుకే భయమైతున్నది."

ముగ్గురూ పాస్‌వర్డ్ రాసి ఇచ్చిన కవర్లకు లక్క వేసి ఇనుపపెట్టెలో పెట్టాను. తాళంచెవి నా దగ్గర.

ఫిబ్రవరి 3, మంగళవారం

తప్పులు: లేవు.

ఫిబ్రవరి 5, గురువారం

కరీముద్దీన్ నంబరు మూతపడింది, 10.40కి. వేళ్ళు లావు, ఒక మీట నొక్కితే రెండు పడతాయి. నా బల్ల ముందు నిలబడి ఆఫీసంతా వినేటట్టు "బిర్యానీ!" అన్నాడు. కవరు విప్పాను. సరిపోయింది. తప్పు రాయలేదు. అందరికీ తెలిసిపోయింది కనుక కొత్తది పెట్టుకొమ్మన్నాను.

"గిప్పుడు ఏం పెట్టాలె? ఖుబానీ పెట్టనా?"

"నాతో చెప్పకూడదు."

"అయ్యో, చెప్పిన గద!" అని మళ్ళీ కాగితం అడిగాడు. భాగ్య, శంకరమ్మ నోటికి కొంగులు అడ్డం పెట్టుకుని నవ్వారు. నేను నవ్వలేదు.

ఫిబ్రవరి 7, శనివారం

ఈ రోజు ఎంట్రీలు: శంకరమ్మ 212. భాగ్య 174.

అన్నం దగ్గర భాగ్యకు ఈ సంగతి చెప్పాను. చెప్పకపోతే ఎలా తెలుస్తుంది? డిగ్రీ చదివిన పిల్ల. శంకరమ్మ కుల్కచర్లలో పదో తరగతి. మార్చి ఆఖరుకు ఇద్దరిలో ఒక్కరినే పర్మినెంటు చేస్తారు. కొడంగల్ నుంచి దీన్ని నా దగ్గరికి పంపినప్పుడు, చదివించి ఒక కుర్చీలో కూర్చోబెడతానని నా కొడుక్కి మాట ఇచ్చాను.

భాగ్య సగం అన్నం వదిలి లేచింది. వృథా చేయకూడదని చెప్పాను.

ఫిబ్రవరి 10, మంగళవారం

శంకరమ్మ నంబరు మూతపడింది, 1.14కి.

"నేను తినపోయిన టీచరమ్మా. అచ్చి చూస్తె మూసుకున్నది," అంది.

అందరూ అలాగే అంటారు. కొట్టి, తప్పు పడ్డాక లేచిపోయి ఉంటుంది. పాస్‌వర్డ్ చెప్పమన్నాను. కొంగు చివర వేలికి చుట్టుకుంటూ నిలబడింది.

"యాది లేదు."

"పొద్దున తొమ్మిదింటికి కొట్టింది ఒంటిగంటకు యాది లేదా?"

"కాయితం మీద రాసిస్త."

"నోటితో అని ఉంది. కాగితాలు బల్లల మీద పడి ఉంటాయి, ఎవరైనా చూస్తారు. చెవిలో చెప్పు, చాలు."

చెప్పలేదు. కవరు కాల్చాను. కొత్తది రాయమంటే ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా రాసి, మడిచి ఇచ్చింది. ఇంత తొందరగా రాసేది మర్చిపోదా మరి.

తప్పు ఒకటి.

ఫిబ్రవరి 11, బుధవారం

తప్పులు లేవు. భాగ్య 190, శంకరమ్మ 188. భాగ్య ముఖం చాలా రోజులకు తేటగా ఉంది. మెచ్చుకున్నాను.

ఫిబ్రవరి 14, శనివారం

సాయంత్రం రైల్లో శంకరమ్మ మా ఎదురుగా కూర్చుంది. తాండూరులో నాలుగు ఇరవైకి ఎక్కితే వికారాబాదులో దిగేసరికి మాకు ఇంటి పొద్దు, ఆమెకు ఆస్పత్రి పొద్దు. ఒళ్ళో టిఫిన్ క్యారియర్. భర్త బండలు నునుపుచేసే మిల్లులో పదేళ్ళు పని చేశాడు. రాతిపొడి పీల్చి ఊపిరితిత్తులు చెడ్డాయి. మూడు నెలలుగా గుట్ట మీది ఆస్పత్రిలో ఉన్నాడు.

"అక్కడ తిండి పెట్టరా?" అన్నాను.

"పెడ్తరు. ఆయినె తినడు. నేను పోయి ముంగట కూసుంటెనే నాలుగు ముద్దలు తింటడు. లేకుంటె కంచం గట్లనే ఉంటది."

"రోజూ ఎందుకు? రోజు విడిచి రోజు పోరాదా?"

"మీ మిషను పనిల నాలుగింటికి ఇడుస్తరు గనుకనే పోతున్న టీచరమ్మా. యార్డుల ఉన్నప్పుడు ఎన్నడన్న పోయిన్నా? ఏడు దాటేది. గప్పుడు ఆయినె బొక్కలు లెక్క వెట్టచ్చు."

భాగ్య కిటికీలోంచి చూస్తూ ఉంది. శంకరమ్మ దానికి ఒక జామకాయ ఇచ్చింది. తీసుకుంది, తినలేదు.

ఫిబ్రవరి 16, సోమవారం

కరీముద్దీన్ మళ్ళీ. "ఖుబానీ కా మీఠా!" అన్నాడు. ఆ రోజు నోరు జారినదే పెట్టుకున్నాడు; కవరులో ఖుబానీ మాత్రమే ఉంది. తప్పు రాయబోతే, "మీఠా రాసేటందుకు జాగ లేదు టీచరమ్మా, మనసుల ఉన్నది," అన్నాడు. రాశాను. తప్పు ఒకటి.

ఫిబ్రవరి 19, గురువారం

శంకరమ్మ నంబరు, 1.12కి. పాస్‌వర్డ్ యాది లేదంది. తప్పు రెండు.

ఈసారి ఏడ్చింది. ఇంకొకటి పడితే ఏమవుతుందో తెలుసునని అంది. తెలిసినప్పుడు జాగ్రత్తగా ఉండాలి అన్నాను.

ప్రింటరు కాగితంలో నంబరు, టైము చూసి ఎక్కించాను. మిగతాది ఎక్కించడానికి గడి లేదు. కాగితం మడిచి ఫైలులో పెట్టాను. ఎండ బాగా కాస్తోంది. తల నొప్పిగా ఉంది.

ఫిబ్రవరి 20, శుక్రవారం

నిద్ర సరిగా లేదు. దోమలు.

ఫిబ్రవరి 21, శనివారం

భాగ్య మధ్యాహ్నం సీటు దగ్గరే కూర్చుని తింటోంది, ఎంట్రీలు పెరుగుతాయని. మంచిదే. ఆ సమయంలో శంకరమ్మ వెనక పంపు దగ్గరికి పోయి, చేతులు కడుక్కుని, చెట్టు కింద తింటుంది. కరీముద్దీన్ నమాజుకు పోతాడు. నేను పాండురంగం గారి గదిలో ఉంటాను.

ఇవన్నీ ఎందుకు రాస్తున్నానో.

ఫిబ్రవరి 23, సోమవారం

టెర్మినళ్ళ మీద దుమ్ము పడితే మీటలు తప్పు పడతాయని హైదరాబాదు మనిషి చెప్పినట్టు గుర్తు. ఆఫీసు ఊడ్చే లాల్‌బీని పిలిచి మూడో టెర్మినల్ తుడిపించాను. వైరు కూడా బిగించమన్నాను. వైర్లలో ఏదో ఒకటి ఇంకొకదానికి తగిలి ఉండవచ్చు. మిషనే కదా.

భాగ్య లేచి పక్కన నిలబడి లాల్‌బీ తుడవడం చూసింది. ఏమీ అనలేదు. నేనూ ఏమీ అనలేదు.

ఫిబ్రవరి 24, మంగళవారం

తప్పులు లేవు. చూశారా, దుమ్మే.

ఫిబ్రవరి 25, బుధవారం

తప్పులు లేవు. భాగ్య 181, శంకరమ్మ 220.

అన్నం దగ్గర సంఖ్యలు చెప్పాను. తొమ్మిదేళ్ళుగా దాని మార్కులు ఇలాగే చెబుతున్నాను. ఈ రోజు మానేస్తే ఎందుకు మానేశానని అడుగుతుంది.

ఫిబ్రవరి 27, శుక్రవారం

1.16కి మూతపడింది. శంకరమ్మది.

పాండురంగం గారి ముందే అడిగాను. ఆమె నిలబడి ఉంది, పెదవులు కదులుతున్నాయి, మాట రావడం లేదు. "చెప్పమ్మా, ఒక్క మాట. తరువాత నీ పని నీది," అన్నారు ఆయన. "నన్ను యార్డుకు తోలకుండ్రి సారూ. కాళ్ళు మొక్కుత. రాసిస్త, పది సార్లు రాసిస్త," అంది. ఆయన నా వైపు చూశారు. నేను నిబంధన చదివాను.

రేపటి నుంచి యార్డు.

ఆమె వెళ్ళిపోయాక కవరు కాల్చాలి. కాల్చలేదు. విప్పాను. ఇది నిబంధనకు విరుద్ధం, రాసింది నేనే కనుక నాకు తెలుసు. లోపల పెద్ద అక్షరాలతో ఒక్క పేరు: నర్సప్ప. రైల్లో ఆయినె, ఆయినె అని చెప్పుకునే ఆ మనిషి పేరు. ఎవరూ తన నోట వినని మాట కనుక ఎవరికీ దొరకదని పెట్టుకుంది. పెళ్ళయిన నాటి నుంచి పలకనిది నా బల్ల ముందు పలుకుతుందా? మూడుసార్లూ ఇదే పెట్టి ఉంటుంది.

మా ఇంటాయన పోయి పదకొండేళ్ళు. ఆ పేరు నేను ఆయన బతికి ఉన్నప్పుడూ అనలేదు, పోయాకా అనలేదు. నాకు తట్టి ఉండవలసింది. తట్టలేదు అని రాస్తున్నాను.

ప్రింటరు కాగితాలు మూడూ తీసి పక్కపక్కన పరిచాను. 10వ తేదీ 1.14, టెర్మినల్ 3. 19వ తేదీ 1.12, టెర్మినల్ 3. ఈ రోజు 1.16, టెర్మినల్ 3. రెండో టెర్మినల్ నుంచి శంకరమ్మ నంబరు మీద ఈ నెలలో ఒక్క తప్పూ పడలేదు. ఒక్కటీ.

ఒకరి నంబరు తెలిస్తే చాలు. పాస్‌వర్డ్ తెలియనక్కరలేదు. ఏవో మూడు మాటలు కొట్టి ఎవరినైనా బయట నిలబెట్టవచ్చు. దొంగ కోసమని పెట్టిన తాళం. ఈ సంగతి హైదరాబాదు మనిషి చెప్పలేదు. నేనూ ఆలోచించలేదు.

ఫిబ్రవరి 28, శనివారం

సాయంత్రం రైల్లో ఎదుటి సీటు ఖాళీ. తాండూరు స్టేషనుకు వచ్చే దారిలో యార్డు గోడ మీదుగా చూశాను. శంకరమ్మ తలకు తువ్వాలు చుట్టుకుని లారీ పక్కన నిలబడి బండలు లెక్కపెడుతోంది. రంపం తిరుగుతోంది. ఆమె కనుబొమలు తెల్లగా ఉన్నాయి.

భాగ్య కూడా చూసింది. "తల నొస్తుంది," అని దారి పొడుగునా కళ్ళు మూసుకుంది.

మార్చి 1, ఆదివారం

పొద్దున రెండు జొన్నరొట్టెలు, పప్పు కట్టుకుని గుట్ట మీదికి బస్సెక్కాను. భాగ్యకు చెప్పలేదు.

నర్సప్పను వార్డులో అడిగి పట్టుకున్నాను. నలభై కూడా ఉండవు. నన్ను చూడగానే లేచి కూర్చున్నాడు.

"నువ్వు గా టీచరమ్మవు గదా? అద్దాలు, తెల్ల చీర. మా ఇంటామె చెప్పింది. మస్తు కడక్, నవ్వనే నవ్వదు అంటది."

"నిన్న రాలేదా ఆమె?"

"రాలే. మొన్న గూడ ఏడ్చుకుంట అచ్చింది, ఏమైందంటె చెప్పదు. పని పోయిందా? నిజం చెప్పు."

పని మారింది అన్నాను. ఆ మాట కూడా పూర్తిగా నిజం కాదు. రొట్టె ముందు పెట్టాను. ఒక ముక్క తుంచి పక్కన పెట్టాడు. పొద్దుటి కంచం మంచం కింద అలాగే ఉంది.

"ఒక మాట చెప్త, నవ్వొద్దు," అన్నాడు. "గా మిషన్‌కు నా పేరు పెట్టుకున్నదట. పదేండ్లాయె లగ్గమయి, ఒక్కనాడు నోటితోని పిలువలే. 'గిప్పుడు పొద్దుగాల పోంగనే వేళ్ళతోని పిలుస్తున్న, మిషను తలుపు తీస్తున్నది,' అంటది. పిచ్చిది!" నవ్వబోయి దగ్గు పట్టుకుంది. చాలాసేపు దగ్గాడు.

పాస్‌వర్డ్ ఇతరులకు చెప్పడం నిబంధన ప్రకారం తప్పు. రాయను.

ఇంటికి వచ్చేసరికి భాగ్య చేటలో బియ్యం ఏరుతోంది. చెప్పులు విప్పకుండానే అడిగాను.

"శంకరమ్మ నంబరు మీద కొట్టింది నువ్వేనా?"

"నేనే." తల ఎత్తలేదు. "పాస్‌వర్డ్ పట్టుకుందామని కాదు. ఏదో తోచింది కొట్టిన. ఆవు, మేక, కోడి."

"ఆమె ఎందుకు చెప్పలేకపోతుందో నీకు తెలుసా?"

"ఎరుకే. మగని పేరు పెట్టుకున్న అని నాతోనే చెప్పింది, నవ్వుకుంట. అది సచ్చినా నోరు తెరువదని గూడ ఎరుకే."

నా చేతిలో సంచీ ఉంది. దాన్ని ఎక్కడ పెట్టాలో తోచలేదు.

"ఎందుకు చేశావే?"

"దినాం బువ్వ కాడ ఏమడుగుతవ్ అవ్వా? ఆమె రెండువందల పన్నెండు, నువ్వు నూట డెబ్బై నాలుగు. ఒక్కనాడన్న 'తిన్నవా బిడ్డా' అన్నవా? ఆమె లేకపోతే నేనే ముంగట ఉంట అనుకున్న. గంతే." చేట కింద పెట్టింది. "నీకెప్పుడు ఎరుకైంది?"

"శుక్రవారం. కాగితాలు చూసినప్పుడు."

"అబద్ధం."

ఈ ఇంట్లో నన్ను ఆ మాట అన్నవారు ఇప్పటిదాకా లేరు.

"సోమవారం లాల్‌బీతోని టెర్మినల్ తుడిపిచ్చినవ్. మూసుకున్నది ఆమె నంబరు. తుడిపిచ్చింది నాది. నువ్వు తెలుసుకున్నవ్ అని నాకు గప్పుడే సమఝ్ అయింది. రెండు దినాలు చూసిన, అడుగుతవేమో అని. అడగలే. ఊకున్నవంటె పర్వలేదు అన్నట్టే గదా అనుకున్న. గందుకే మూడోది కొట్టిన."

లోపలికి వెళ్ళిపోయింది. నేను అరుగు మీద కూర్చున్నాను. లేచాను. మళ్ళీ కూర్చున్నాను. మూడు సార్లు మంచినీళ్ళు తాగాను.

సవరణ: భాగ్యకు శుక్రవారం అని చెప్పాను. అది తప్పు. ఫిబ్రవరి 19, గురువారం, సాయంత్రం 4 గంటలలోపు, ప్రింటరు కాగితం మీద 3 అనే అంకె చూశాను. స్పష్టంగా చూశాను. అద్దాలు పెట్టుకునే ఉన్నాను.

మార్చి 2, సోమవారం

ముందుగా పాండురంగం గారికి చెప్పాను. కాగితాలు చూపించాను. ఆయన తలుపు దగ్గరికి వేసి వచ్చారు.

"మేడం, మిషను లోపం అని రాద్దాం. శంకరమ్మను వెనకకు పిలుద్దాం. మీ మనవరాలిని మందలించండి, ఇంట్ల. ఎవరికి నష్టం? కమిటీ దాకా పోతే ఆ పిల్లకు మళ్ళీ ఎక్కడ ఉద్యోగం దొరుకుతది?"

ఆలోచించి చెబుతానన్నాను. నా బల్ల దగ్గర కూర్చుని "సాంకేతిక లోపం వలన" అని మొదలుపెట్టి చిత్తు రాశాను. రెండు వాక్యాలు. బాగా కుదిరాయి. శుభ్రంగా ఎత్తి రాయడానికి కాగితం కూడా తీశాను.

ఆయన శంకరమ్మను పిలిపించారు. యార్డు నుంచి అలాగే వచ్చింది, తువ్వాలుతో ముఖం తుడుచుకుంటూ. భాగ్య, కరీముద్దీన్ సీట్లలో ఉన్నారు.

"శంకరమ్మా, మిషన్ల తప్పు దొరికింది. నీది కాదు. రేపటి నుంచి నీ సీట్ల కూర్చో," అన్నారు.

ఆమె సంతోషపడుతుందని అనుకున్నాను. ఆయన ముఖం చూసింది, నా ముఖం చూసింది.

"మిషను తప్పు గాదు సారూ. మూడుసార్లు నేను తినపోయినంక్నే మూసుకున్నది. నా బువ్వ టైము మిషన్‌కు ఎట్ల ఎరుక?"

భాగ్య రెండు చేతులూ మీటల మీద నుంచి తీసి ఒళ్ళో పెట్టుకుంది.

"మిషను కాదు," అన్నాను. "మూడుసార్లూ భాగ్య సీటు నుంచి కొట్టారు. రెండోసారే నేను కాగితంలో చూశాను. చూసి ఊరుకున్నాను."

శంకరమ్మ భాగ్య వైపు తిరగలేదు. నా వైపే నిలబడింది.

"మరి నేను కాళ్ళు మొక్కుతా అన్న దినం గూడ మీకెరుకే?"

"ఎరుకే."

"ఎరుకైనంకనే నిబంధన చదివిన్రు."

"అవును."

పాండురంగం గారు మాట్లాడారు, చాలాసేపు, కమిటీ గురించి, కుటుంబాల గురించి. ఆమె మధ్యలో ఆపింది.

"సీటు ఇస్తె కూసుంట. కని రిజిస్టర్ల నా పేరు మీద మూడు తప్పులున్నయి గదా. అవి తియ్యుండ్రి. మార్చిల పర్మినెంటు చేసేటప్పుడు కమిటీ వాళ్ళు కాయితమే చూస్తరు, నా మొకం చూడరు."

రిజిస్టరులో రాసింది కొట్టివేయడం నా అలవాటు కాదు. కొట్టివేసిన రిజిస్టరును ఎవరూ నమ్మరు. ఆ మాట చెప్పి, ప్రతి వరుస కిందా ఎర్రసిరాతో సవరణ రాస్తానన్నాను. ఆమె అక్కడే నిలబడింది, రాసేదాకా కదలనని. రాశాను.

10-2-87: శంకరమ్మ తప్పు కాదు. మూడో టెర్మినల్ నుంచి కొట్టినది భాగ్యలక్ష్మి.

19-2-87: శంకరమ్మ తప్పు కాదు. కొట్టినది భాగ్యలక్ష్మి. తెలిసి రాయనిది గోవిందమ్మ.

27-2-87: శంకరమ్మ తప్పు కాదు. కొట్టినది భాగ్యలక్ష్మి. తెలిసి ఆపనిది గోవిందమ్మ.

ఒక్కొక్క వరుస మీద వేలు పెట్టి నెమ్మదిగా చదివింది. వేలి ముద్ర తెల్లగా పడింది, రాతిపొడిది.

ఇనుపపెట్టె తాళంచెవి పాండురంగం గారి బల్ల మీద పెట్టాను. ఇక ఈ పని నాకు తగదు అన్నాను. ఆయన కరీముద్దీన్ వైపు చూశారు. "నాకియ్యకుండ్రి సాబ్," అన్నాడు కరీముద్దీన్. "నా తానికస్తె మాపటివరకు తాండూరంత ఎరుకైతది." ఎవరూ నవ్వలేదు, ఆయన కూడా. తాళంచెవి బల్ల మీదే ఉండిపోయింది. వచ్చేటప్పుడు దాన్ని అక్కడే వదిలి వచ్చాను.

నిబంధన కూడా తిరగరాసి ఇచ్చాను. తప్పు పడితే మూతపడవలసింది కొట్టిన టెర్మినల్, అక్కడ లేని మనిషి నంబరు కాదు. మిషను అలా చేయగలదో లేదో హైదరాబాదుకు ఉత్తరం రాసి కనుక్కుంటామన్నారు. అంతవరకు టెర్మినల్ గడి లేకుండా ఎవరి పేరు మీదా తప్పు రాయకూడదు. పాస్‌వర్డ్ నోటితో అడగకూడదు. రాసి చూపిస్తే చాలు, చూసినవారు వెంటనే కాల్చాలి.

భాగ్య విషయం కమిటీకి పోతుంది. భాగ్య నేను అడగకముందే లేచి, "యార్డుల మనిషి తక్కువైతది గదా, నేను పోత," అంది. పాండురంగం గారు వద్దన్నారు. అది వినలేదు. తువ్వాలు లేదు, కొంగే తలకు చుట్టుకుంది.

నాలుగింటికి శంకరమ్మ స్టేషనుకు నా కంటే ముందు నడిచింది. రైలు రాగానే మేము ఎప్పుడూ ఎక్కే పెట్టె దాటి ముందుకు పోయి వేరే పెట్టె ఎక్కింది. భాగ్య యార్డులోనే ఉంది, ఏడింటిదాకా రాదు. రెండు సీట్లూ ఖాళీగా ఉన్నాయి, ఒక్కదాన్నే కూర్చున్నాను.

వికారాబాదులో దిగాక ప్లాట్‌ఫారం మీద ఆమె వీపు కనిపించింది. టిఫిన్ క్యారియర్ పట్టుకుని, బస్సు పోతుందేమోనని దాదాపు పరుగెత్తుతోంది. నేను పిలవలేదు. బస్సు అందింది, అది చూశాను.

మార్చి 3, మంగళవారం

భాగ్య నిన్న ఎనిమిదిన్నరకు వచ్చింది. కనుబొమల మీద తెల్లపొడి. కడుక్కొమ్మని వేడినీళ్ళు పెట్టాను. అన్నం వడ్డించాను.

ఎంట్రీలు ఎన్ని అని నోటిదాకా వచ్చింది. యార్డులో ఎంట్రీలు ఉండవు.

"తిన్నావా బిడ్డా" అని అడిగాను. కంచం ముందే ఉంది, ఇంకా ముట్టలేదు. చాలా తప్పు సమయంలో అడిగిన మాట. అది నా వైపు చూసి, "తింటున్న గద, అవ్వా," అంది.